నూట నాలుగు మార్కుల భయం

మాళక్క రొప్పం ఊడుస్తోంది. ముళ్లకంప చుట్టిన ఆ గొర్రెల దొడ్డిలో పెంటికలను ఒక వారకు చేర్చి, తట్టకెత్తి, దిబ్బలో పోసి రావడం ముప్పై ఏళ్లుగా ఆమెకు పొద్దుటి పని. ఊడుస్తున్నంతసేపూ గొర్రెలతో మాట్లాడుతూనే ఉంటుంది. దేని కాలు కుంటుతోంది, ఏది మేత మానేసింది, ఏ పొట్టేలు దేనితో తగువు పెట్టుకుంది, అన్నీ ఆ ఊడుపులోనే తేలిపోతాయి. ఆ రోజు చీపురుకు మెత్తగా ఏదో తగిలింది. వంగి చూసింది. ఒంటి మీద వెంట్రుకలైనా సరిగా మొలవని గొర్రెపిల్ల. నెలలు నిండకుండా పడిపోయినవాటిలో అది ఏడోది.

మాళక్క ఏడవలేదు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని దాన్ని ఎత్తి, యూరియా గోతంలో వేసి, మూతి బిగించి కట్టింది. ఉత్త చేత్తో ముట్టుకోవద్దని పశువుల ఆసుపత్రిలో పనిచేసే హొన్నూర్‌బీ గట్టిగా చెప్పి పోయింది. హొన్నూర్‌బీ చిన్నపిల్ల, మాట తక్కువ, చూపు ఎక్కువ. అంతకుముందు పడిన పిల్లలను చూడగానే ఆ అమ్మాయి గొర్రెలను వదిలేసి గొర్రెల మేతకని పేర్చిన వేరుశనక్కట్టె వామి చుట్టూ తిరిగింది. వామిలో ఒక పిల్లి ఈని, నాలుగు కూనలతో కాపురం పెట్టి ఉంది. కూనల పెంట మేతలో కలుస్తోంది, ఆ మేత సూడి గొర్రెలు తింటున్నాయి, కడుపులు పోతున్నాయి. పట్నానికి పంపిన నమూనాలోనూ అదే తేలింది. జబ్బు పేరు టాక్సోప్లాస్మోసిస్. మాళక్కకు ఆ పేరు నోరు తిరగలేదు గానీ సంగతి మాత్రం అర్థమైంది. వామి మీద పట్ట కప్పి, పిల్లిని అటు రానీయకుండా చేయాలి. పడినవాటిని లోతుగా పూడ్చాలి. ఇంకా ఈనాల్సిన ముప్పై మూడు గొర్రెలకు మేతలో పొడి మందు కలిపి పెడితే కొన్నయినా నిలుస్తాయి.

పట్ట హొన్నూర్‌బీ చెప్పిన పూటే కప్పింది. పిల్లిని కూనలతో సహా మిద్దె మీదికి మార్చింది. మందు మాత్రం పశువుల ఆసుపత్రి ఇనుప బీరువాలో ఉంది. డాక్టరుగారిని ఏదో ప్రదర్శన కోసం వేరే జిల్లాకు పంపారు. పోతూ పోతూ ఆయన తాళంచెవిని మండల ప్రత్యేకాధికారికి అప్పగించి పోయాడు. ఆ మందు గడువు కూడా వచ్చే నెలాఖరు దాకే.

మందు అడగడానికి మొగుడిని పంపవచ్చు కదా అని ఎవరైనా అడిగితే, వాళ్లకు కర్రెప్ప సంగతి తెలియదన్నమాట. కర్రెప్ప మంచివాడు, పనిమంతుడు. భయం మాత్రం ఆయనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. బస్సు ఆపమని కండక్టరును అడగడానికి జంకి, ఇంకెవరైనా దిగేచోటే దిగి మిగతా దూరం నడిచి వచ్చేవాడు. ఎవరింటికైనా వెళితే తలుపు తట్టేవాడు కాదు, దగ్గేవాడు. దగ్గడానికి కూడా మొహమాటం వేస్తే తలుపు దానంతటదే తెరుచుకునే దాకా నిలబడేవాడు. దేవుడు ఆ ఇంటికి ఇచ్చిన ధైర్యంలో మొగుడి వాటా కూడా మాళక్కే వాడుకుంటోందని ఊళ్లో అనుకునేవారు.

ఆ రోజు సోమవారం, అర్జీల రోజు. కాబట్టి పడిన పిల్లను సారుకు చూపించాకే పూడ్చవచ్చని గోతం చంకన పెట్టుకుని మాళక్కే బయలుదేరింది.

మండల ప్రత్యేకాధికారి విశ్వపతిగారు నిండుగా ఉంటారు, నిదానంగా మాట్లాడతారు. ఆయన ఎదురుగా రెండు కుర్చీలు ఉన్నాయి. అవి కూర్చోవడానికి వేసినవి కావని మండలంలో అందరికీ తెలుసు. మాళక్క మూడు మైళ్లు నడిచి వచ్చింది. ఒక కుర్చీలో కూర్చుంది. గోతం కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"సారూ, మందు మీ బీరువాలో ఉండాది. రోగం నా రొప్పంలో ఉండాది. రెండిట్నీ ఒకచోటికి చేరిస్తే మీకేం పోతాది?" అంది.

ఇలాంటి ప్రశ్నకు ఏ ముఖం పెట్టాలో విశ్వపతిగారికి శిక్షణలో ఎవరూ నేర్పలేదు. అందుకని ఎదురుగా ఉన్న కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అది హొన్నూర్‌బీ రాసిన నివేదిక. ఏ కాగితాన్నైనా ఆయన నడుమ నుంచి చదువుతారు. మొదట విషయం ఉంటుంది, చివర సంతకం ఉంటుంది, అవి ఎప్పుడూ ఉండేవే అని ఆయన అభిప్రాయం. హొన్నూర్‌బీ చదువుకున్నది మరిచిపోకుండా నివేదిక నడుమ ఒక వాక్యం రాసింది: ఈ జబ్బు సోకిన ఎలుకలు పిల్లి అంటే భయపడడం మానేస్తాయి, పారిపోవలసింది పోయి దాని ఎదుటికే వెళతాయి.

విశ్వపతిగారు కాగితం దించి చూశారు. ఎదుట కుర్చీలో మాళక్క కూర్చుని ఉంది. మళ్లీ కాగితం చూశారు. మళ్లీ మాళక్కను చూశారు.

"అర్థమైంది," అన్నారు నెమ్మదిగా.

బీరువా తెరుస్తారనుకుని మాళక్క సంతోషంగా ఇంటికి పోయింది.

మూడో రోజున అన్ని ఊళ్ల సచివాలయాలకూ ఉత్తర్వు వచ్చింది. అందులో గొర్రె అనే మాట లేదు.

'విషయము: మండల ప్రజలలో భయము తగ్గుదల, తత్కారణములు, నివారణోపాయములు. ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, పిల్లుల ద్వారా వ్యాపించు ఒక సూక్ష్మజీవి కారణముగా మండలమందలి కొందరు వ్యక్తులు అధికారుల ఎదుట సహజముగా కలుగవలసిన భయమును కోల్పోవుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. గత సంవత్సరము గ్రామసభలలో పదునాలుగు ప్రశ్నలు అడుగబడగా, ఈ సంవత్సరము ఇప్పటికే అరువది యొక్కటి అడుగబడినవి. ఇది ఆందోళనకరము.'

మొదట పిల్లుల లెక్క తీశారు. బడిపంతుళ్లు మధ్యాహ్న భోజనం తరవాత పిల్లలను పద్యాలు చదువుకోమని చెప్పి గోడల వెంబడి తిరిగారు. ఒకే పిల్లి నాలుగు ఇళ్లలో పాలు తాగుతుంది కాబట్టి నాలుగు పిల్లులైంది. చివరికి పిల్లులు ఎక్కువున్న ఊళ్ల నుంచి అర్జీలు ఎక్కువ వస్తున్నాయని తేలింది. పిల్లులు తక్కువున్న ఊళ్ల నుంచి కూడా ఎక్కువే వస్తున్నాయని తేలినప్పుడు, ఆ ఊళ్లవాళ్లు పిల్లులను దాచిపెట్టారని నిర్ణయించారు.

పిల్లులను పట్టడం కష్టం. మనుషులను పట్టడం తేలిక. అందుకని భయ నిర్ధారణ సంఘం ఏర్పడింది, దానికి విశ్వపతిగారే అధ్యక్షులు. మండలాఫీసు వసారాలో భయం పరీక్ష మొదలైంది. అంశాలు ఐదు, ఒక్కోదానికి ఇరవై మార్కులు. గడప బయటే చెప్పులు వదిలాడా? భుజం మీది తువ్వాలు నడుముకు దిగిందా? చేతులు కట్టుకున్నాడా? అయ్యా అని ఎన్నిసార్లు అన్నాడు? పోయేటప్పుడు వీపు చూపించకుండా వెనక్కి నడిచాడా? ఆడవాళ్లకు తువ్వాలు బదులు కొంగు. మార్కుల కాగితం అటెండరు సుంకన్న చేతిలో ఉండేది. అరవై దాటినవాళ్లకు భయ ధ్రువపత్రం ఇచ్చేవారు. అది ఉంటేనే విత్తనాలు, అది ఉంటేనే పాసుపుస్తకం, అది ఉంటేనే పశువులకు మందు.

జనం ఏం చేస్తారు? విత్తనాల కాలం. నేర్చుకున్నారు. ముప్పై ఏళ్లు బంట్రోతుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మంచినీళ్ల ప్లాంటు పక్కన రేకుల షెడ్డులో భయపడడం నేర్పే బడి పెట్టాడు. పొద్దున్నే పది మంది రైతులు వరసగా వెనక్కి నడుస్తూ కనిపించేవారు. ఒకరిద్దరు కాలవలో పడ్డారు. పడినా చేతులు విప్పలేదని ఆయన వాళ్లను మెచ్చుకున్నాడు.

మాళక్క పరీక్షకు వెళ్లింది. తప్పేదేముంది? చెప్పుల అంశంలో మాత్రం ఇరవైకి ఇరవై వచ్చాయి. ఒక చెప్పు వారు తెగి ఆ రోజు కుట్టేవాడి దగ్గర ఉంది, ఆమె ఉత్త కాళ్లతోనే పోయింది. మిగతా నాలుగింటిలో సున్నా. అయ్యా అనమంటే, ఏమనాలయ్యా అని అడిగింది. అది ప్రశ్న కాబట్టి లెక్కలోకి రాదన్నారు. కాగితం మీద ఎర్ర సిరాతో 'తీవ్ర భయలోపం' అని రాసి పంపారు.

ఆ వెనకే కర్రెప్ప వంతు. ఆయన చెప్పులు గేటు బయటే వదిలాడు. తువ్వాలు నడుముకు కాదు, మోకాళ్లకు దిగింది. అయ్యా అని ఎన్నిసార్లు అన్నాడో సుంకన్న లెక్క తప్పిపోయాడు. వెనక్కి నడుచుకుంటూ వసారా దాటి, మెట్లు దిగి, రోడ్డు దాటి, ఎదుటి హోటల్లోకి పోయి ఆగాడు. నూటికి నూరు. అంతలో విశ్వపతిగారు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లారు. సంతకం చేయడానికి తిరిగి వచ్చిన కర్రెప్ప, సారు లేరని కూడా చూడకుండా ఖాళీ కుర్చీకే వంగి దండం పెట్టాడు. వ్యక్తి లేకపోయినా పదవికి భయపడే మనిషిని విశ్వపతిగారు తన ఉద్యోగ జీవితంలో అంతవరకూ చూడలేదు. ఇంకో నాలుగు మార్కులు కలిపారు.

నూట నాలుగు మార్కులతో కర్రెప్ప 'మండల ఆదర్శ భయస్థుడు' అయ్యాడు. శాలువా కప్పారు. బస్టాండులో ఫ్లెక్సీ కట్టారు. ఫోటోలో ఆయన కెమెరాను చూసి కూడా భయపడుతూ ఉన్నాడు. అప్పటి నుంచి రోజుకో ఊరికి జీపులో తీసుకుపోయి బడిపిల్లల ముందు భయపడి చూపించమనేవారు. గొర్రెల వెంట పోవడానికి ఇంట్లో మాళక్క ఒక్కతే మిగిలింది. ఆ పది రోజుల్లో ఇంకో నాలుగు పిల్లలు పడిపోయాయి. మొత్తం పదకొండు.

పదకొండోదాన్ని పూడ్చి వచ్చిన రోజున మాళక్క మొగుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నీ దగ్గర ధ్రువపత్రం ఉంది, నువ్వు పోయి అడిగితే కాదనరు, ఎట్లాగైనా మందు పట్టుకురా అని చెప్పింది. కర్రెప్ప సరేనన్నాడు. ఆయనకు పెళ్లామన్నా భయమే. పత్రం అట్టలో పెట్టుకుని పోయి మండలాఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. దగ్గాడు. మధ్యాహ్నం దాకా దగ్గాడు. చివరికి సుంకన్నే జాలిపడి పక్కకు పిలిచి నియమావళి తొమ్మిదో అంశం చదివి వినిపించాడు: 'అడుగుట భయలోపమునకు ప్రథమ లక్షణము. ధ్రువపత్రము పొందిన వ్యక్తి ఏదైనా అడిగినచో సదరు ధ్రువపత్రము తక్షణమే రద్దగును.'

"అంటే మందు ఎట్లా సుంకన్నా?" అన్నాడు కర్రెప్ప గుసగుసగా.

"పత్రం ఉన్నోళ్లు అడగకూడదు. అడిగేటోళ్లకు పత్రం రాదు. మిగతాదంతా సులువే అన్నా," అన్నాడు సుంకన్న. ఆయన గొంతులో ఎగతాళి లేదు. ఆయనకూ ఇంట్లో రెండు సూడి గొర్రెలు ఉన్నాయి.

కర్రెప్ప పక్కనున్న పశువుల ఆసుపత్రికి పోయి బీరువా ముందు కాసేపు నిలబడి, దానికి దండం పెట్టి, ఇంటికి వచ్చేశాడు.

హొన్నూర్‌బీ ఊరుకోలేదు. ఈ జబ్బు మనుషుల్లో చాలామందికి తెలియకుండానే వచ్చి పోతుందని, కడుపుతో ఉన్నవాళ్లూ ఒంట్లో శక్తి లేనివాళ్లూ జాగ్రత్తపడితే చాలునని, చేతులు కడుక్కుని మాంసం బాగా ఉడికించుకుంటే సరిపోతుందని, దానికీ కుర్చీలో కూర్చోవడానికీ సంబంధం లేదని రెండో నివేదిక రాసింది. సారు నడుమ నుంచి చదువుతారని ఆమె కనిపెట్టింది. అందుకని 'వెంటనే బీరువా తెరవాలి' అన్న మాటను సరిగ్గా నడుమ పెట్టింది. ఆ రోజు విశ్వపతిగారు మార్పు కోసం చివర నుంచి చదివారు. సంతకం బాగుందన్నారు.

ఇంతలో పైఅధికారులు ఈ పథకాన్ని మెచ్చుకుని, రక్తపరీక్షల సాక్ష్యం కూడా జతచేస్తే రాష్ట్రమంతా అమలు చేయవచ్చునని రాశారు. విశ్వపతిగారి ముఖం వెలిగిపోయింది. అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన మనిషి రక్తం, అందరికంటే తక్కువ వచ్చిన మనిషి రక్తం పట్నానికి పంపించారు. జీపు మాళక్క ఇంటి ముందు ఒక్కసారే ఆగింది. ఇద్దరూ ఒకే కొంపలో దొరికారు.

ఇరవై రోజులకు ఫలితం వచ్చింది. మాళక్క రక్తంలో ఆ జబ్బు జాడ లేదు. కర్రెప్ప రక్తంలో ఉంది.

హొన్నూర్‌బీకి ఇందులో వింత కనిపించలేదు. వామిలోంచి కట్టె లాగేది కర్రెప్ప, కూనలను ఒళ్లో పెట్టుకునేది కర్రెప్ప, ఆ చేత్తోనే ముద్ద తినేదీ కర్రెప్పే. సంఘానికి మాత్రం నిద్ర పట్టలేదు. రెండు రోజులు తలుపులు వేసుకుని చర్చించారు. రక్తం తప్పయి ఉండాలి, లేదా సిద్ధాంతం తప్పయి ఉండాలి, లేదా కర్రెప్ప తప్పయి ఉండాలి. రక్తం పట్నం నుంచి వచ్చింది. సిద్ధాంతం సారు నుంచి వచ్చింది. కర్రెప్ప ఎక్కడి నుంచీ రాలేదు, ఆ ఊరివాడే. కాబట్టి తప్పు ఆయనదేనని ఏకగ్రీవంగా తీర్మానించారు.

మందు గడువుకు రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట విశ్వపతిగారు స్వయంగా కర్రెప్ప ఇంటికి వచ్చారు. వెంట సుంకన్న మార్కుల కాగితాల అట్టతో వచ్చాడు. హొన్నూర్‌బీ అప్పటికే అక్కడ ఉంది. ఎర్రచెవుల గొర్రె పొద్దుటి నుంచి అదోలా ఉందని మాళక్క కబురు పెడితే వచ్చింది. అప్పటికి పదమూడు పోయాయి. కర్రెప్ప గభాల్న లేచి నులకమంచం దులిపి వేసి, గోడకు అతుక్కుని నిలబడ్డాడు. తువ్వాలు ఎప్పుడో నడుముకు దిగింది.

విశ్వపతిగారు మంచం మీద కూర్చుని నోటీసు చదివారు. 'శ్రీ కర్రెప్ప అను మీరు, లోలోపల సంపూర్ణ ధైర్యము కలిగియుండియు, దానిని దురుద్దేశముతో దాచి, బహిరంగముగా భయపడుచు, ప్రభుత్వమును తప్పుదోవ పట్టించి, నూట నాలుగు మార్కులు పొందినట్లు రుజువైనది. కావున శాలువా, ధ్రువపత్రము ఈ దినమే వాపసు చేయవలెను. మీ వద్దగల ధైర్యమును ఇకపై దాచరాదు.'

మాళక్కకు నవ్వు వచ్చింది. నెల రోజుల తరవాత వచ్చిన నవ్వు, అణుచుకోలేకపోయింది.

"ఈయప్ప దగ్గరా ధైర్యం? ఇంట్లో యాడ దాచినాడో కొంచెం మీరే వెతికి పెట్టండి సారూ. నేనూ ముప్పై ఏండ్ల నుంచి వెతుకుతాండా," అంది.

హొన్నూర్‌బీ ఆ జబ్బు చాలామంది ఒంట్లో ఊరికే పడి ఉంటుందని మళ్లీ చెప్పబోయింది. విశ్వపతిగారు చెయ్యి ఎత్తారు. "అమ్మా, మీది పశువుల విభాగం. ఇది పరిపాలనకు సంబంధించిన విషయం."

కర్రెప్ప గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వచ్చాడు. అయ్యా అన్న మాట తప్ప సారు ఎదుట ఆయన నోట ఇంకో మాట ఎవరూ ఎప్పుడూ విని ఉండలేదు.

"నాకు ధైర్యం ఉండాదా సారూ?"

"ఉంది. శాస్త్రీయంగా నిరూపణ అయింది."

"నిజంగానేనా సారూ?"

"కాదనడానికి మీకు అధికారం లేదు," అన్నారు విశ్వపతిగారు కటువుగా. "దాచరాదని ఆదేశం ఇప్పుడే చదివాను. విన్నారా లేదా?"

కర్రెప్ప విన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆయన ఏ అధికారి మాటా జవదాటలేదు. మాళక్క ఆయన ముఖంలోకి చూసింది. ఇంతకాలం కాపురం చేసినా ఆ ముఖంలో ఏం జరుగుతోందో మొదటిసారి ఆమెకు అంతుపట్టలేదు.

అప్పుడే రొప్పంలో ఎర్రచెవుల గొర్రె అరిచింది. ఒకే అరుపు, సన్నగా, సాగదీసి. హొన్నూర్‌బీ చేతికి సంచి తొడుక్కుంటూ పరుగెత్తింది. కాసేపటికి కంప మీదుగా తల ఎత్తి చూసి, లేదన్నట్టు ఊపింది. పద్నాలుగు.

"ఇంగా ఇరవై ఆరు ఉండాయి," అంది మాళక్క. ఎవరితో అన్నదో ఆమెకే తెలియదు.

కర్రెప్ప శాలువాను మడిచి, ధ్రువపత్రాన్ని దాని మీద పెట్టి, రెంటినీ మంచం మీద విశ్వపతిగారి పక్కన ఉంచాడు. నడుముకున్న తువ్వాలు విప్పి తలకు చుట్టుకున్నాడు. బయట వదిలిన చెప్పులు తెచ్చి ఇంట్లోనే, సారు ఎదుటనే, తొడుక్కున్నాడు. మూలకు పోయి గునపం అందుకున్నాడు.

విశ్వపతిగారు లేచి నిలబడ్డారు. ఎక్కడికి అని అడిగారు. బీరువా ప్రభుత్వ ఆస్తి అన్నారు. గునపం భుజం మీదికి ఎక్కడం చూసి, దారి వదిలి ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంకో అడుగు వేశారు. ఆయన చేతులు ఆయనకు తెలియకుండానే ఒకదాన్నొకటి వెతుక్కుని కట్టుకున్నాయి.

"అయ్యా, కర్రెప్పగారూ," అన్నారు.

సుంకన్న అలవాటు కొద్దీ అట్ట తెరిచి, మూడో అంశం దగ్గరా, నాలుగో అంశం దగ్గరా, ఐదో అంశం దగ్గరా టిక్కు పెట్టాడు.

కర్రెప్ప ఎవరి వైపూ చూడలేదు. వాకిలి దాటి, పశువుల ఆసుపత్రి వైపు పోయే దారి పట్టాడు. దగ్గు కూడా దగ్గలేదు.